ఈ పేజీ ఎవరిది?

ఓబుళేశ్వరి వెబ్‌సైటు నేర్చుకోవడానికి వచ్చింది కోపం మీద.

నంద్యాలలో పాత బస్టాండు వెనక సందులో, ఒక మేడ మీద గదిలో దస్తగిరి సార్ కంప్యూటర్లు నేర్పేవాడు. అంతకు ముందు చాలా ఏళ్ళు కర్నూలులో ఒక దినపత్రికకు పేజీలు దిద్దాడు. ఏ వార్త పైన రావాలి, ఏ ఫోటో ఎంత ఉండాలి, ఏ శీర్షిక ఎంత లావుండాలి, అంతా ఆయన చేతి మీదుగా నడిచేది. అన్నేళ్ళ పేజీల్లో ఎక్కడా ఆయన పేరు అచ్చు కాలేదు. పని మానేశాక ఊరికి వచ్చి, పాత కంప్యూటర్లు కొన్ని తెచ్చి పెట్టుకుని, అడిగినవాళ్ళకు నేర్పుతూ కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి.

ఈశ్వరి మెట్లెక్కి వచ్చి, ఆయన కూర్చోమనక ముందే కూర్చుంది.

"సార్, నాకొక వెబ్‌సైటు కావాల. తొందరగా కావాల."

"ఎందుకు మా?"

"ఒకని బండారం బయట పెట్టాల."

సార్ కుండలో నీళ్ళు ముంచి గ్లాసు ఆమె ముందు పెట్టాడు. ఆమె తాగలేదు. జరిగింది చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె గోడల మీద బొమ్మలు వేస్తుంది. బడి గోడలు, అంగన్‌వాడీ గోడలు, ఆసుపత్రి వరండాలు. చంద్రహాస్ అనే కాంట్రాక్టరు బడులకు రంగులు వేయించే పనులు తీసుకుని, ఆమెలాంటి వాళ్ళతో చేయిస్తాడు. పోయిన ఎండాకాలం సెలవుల్లో నల్లమల వైపు ఒక పల్లెలో, ప్రాథమిక పాఠశాల ప్రహరీ గోడ ఆమెకు అప్పజెప్పాడు. "పూలో చిలకలో, ఏదో ఒకటి వెయ్" అని చెప్పి పోయాడు.

ఆమె పూలూ వేయలేదు, చిలకలూ వేయలేదు. వాళ్ళ అవ్వ చెప్పగా విన్న బట్టమేక పక్షిని వేసింది. ఒకప్పుడు ఆ వైపు గడ్డి బీళ్ళలో తిరిగేదట. ఇప్పుడు కంటికి కనబడదు. దాన్ని మనిషెత్తున, మెడ చాచి నడిచిపోతున్నట్టు వేసింది. దాని చుట్టూ గోడ పొడవునా గడ్డి. గడ్డిలో దాక్కున్న కుందేళ్ళు, కౌజు పిట్టలు. ఇంకా దగ్గరికి పోయి చూస్తే, ఆ గడ్డిపోచలు ఉత్త గడ్డిపోచలు కావు. ఒక్కో పోచ వంపులో ఒక్కో అక్షరం ఉంది. ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని ఆ సెలవులన్నీ ఆ గోడ దగ్గరే గడిపింది. అంతా అయ్యాక కింది మూలన, అరచేయంత చోటులో తన పేరు రాసుకుంది.

బడి తెరిచిన కొత్తలో పత్రికలో ఫోటో వచ్చింది. పక్షి ముందు చంద్రహాస్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద 'గోడలకు ప్రాణం పోసిన చిత్రకారుడు' అని రాశారు. ఈశ్వరి బస్సెక్కి పోయి చూసింది. ఆమె పేరున్న చోట తెల్లరంగు కొట్టి ఉంది. దాని మీద నల్లటి అక్షరాలతో 'చంద్రహాస ఆర్ట్స్' అనీ, దాని కింద ఆయన ఫోన్ నంబరూ.

"పోయి అడిగినా సార్. ఏమన్నాడో తెలుసా? ఇల్లు కట్టిన బేల్దారి ఇంటి మీద పేరు రాసుకుంటాడా అన్నాడు."

సార్ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నవాడు ఆగాడు.

"అట్లన్నాడా?"

"నవ్వుతా అన్నాడు సార్. నవ్వకుండా అనింటే ఇంత మంట ఉండేది కాదు."

 సార్ కళ్ళద్దాలు పెట్టుకుని, పక్కనున్న కంప్యూటరు ఆన్ చేశాడు.

"నేను చేసియ్యను. నేర్పుతా. నువ్వే చేసుకో."

* * *

ఈశ్వరి కంప్యూటరు ముందు ఎప్పుడూ సరిగ్గా కూర్చోలేదు. మొదట్లో మౌసు పట్టుకోవడమే కుదిరేది కాదు. కుంచె పట్టుకున్నట్టు వేళ్ళ కొసలతో పట్టుకునేది.

సార్ ఒక ఖాళీ ఫైలు తెరిచి, అందులో ట్యాగులు ఎట్ల రాయాలో చూపించాడు. ఇది శీర్షికకు, ఇది పేరాకు, ఇది బొమ్మకు. ఇక్కడ తెరవాల, ఇక్కడ మూయాల. ఆ రాతంతా ఆమెకు ముళ్ళకంపలాగా కనిపించింది. సార్ "నీ పేరు కొట్టు" అన్నాడు. కొట్టింది. ఫైలు సేవ్ చేసి, బ్రౌజరులో తెరవమన్నాడు. తెల్లటి పేజీ మీద, పెద్ద నల్లటి అక్షరాలతో, 'ఓబుళేశ్వరి' అని వచ్చింది.

ఆమె ఆ పేరు వైపు కాసేపు అట్లాగే చూసింది. తర్వాత దాన్ని చెరిపేసి, ఆ చోట వేరే శీర్షిక రాసుకుంది. ఏం రాస్తున్నదో సార్ అడగలేదు.

రోజూ పని అయిపోయాక, చేతులకు రంగు మరకలతోనే వచ్చేది. బొమ్మ పెడితే కనబడేది కాదు. గంటసేపు కొట్టుకుని, చివరికి సార్‌ని పిలిచేది. ఫైలు పేరులో ఒక అక్షరం పెద్దది, ఆమె రాసిన దానిలో అదే అక్షరం చిన్నది. అంతే తేడా. "ఇంత చిన్నదానికి బొమ్మ రాదా సార్?" అని విసుక్కునేది. ఒకరోజు లావు అక్షరాల ట్యాగు తెరిచి మూయడం మరిచింది. అక్కడి నుంచి పేజీ చివరి దాకా అక్షరాలన్నీ లావుగా అయిపోయాయి. సార్ వేలితో చూపించాడు.

"ఉండనీండి సార్. అరిచినట్టు ఉంది. అదే బాగుంది" అంది.

సార్ ఉండనిచ్చాడు.

ఒక శనివారం పొద్దున వచ్చి, "అయిపాయె సార్. ఇంక నెట్‌లో పెడదాం" అంది. ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత తేట కనిపించింది.

సార్ పేజీ పైనుంచి చదివాడు. అన్నిటికంటే పైన ఎర్రటి శీర్షిక: 'చంద్రహాస ఆర్ట్స్ చేసిన దగా'. దాని కింద పత్రికలో వచ్చిన చంద్రహాస్ ఫోటో. దాని కింద తెల్లరంగు కొట్టిన మూల, చంద్రహాస్ పేరూ నంబరూ కనబడేట్టు, బాగా దగ్గరి నుంచి. ఆ తర్వాత చంద్రహాస్ ఏమన్నాడు, ఎప్పుడు అన్నాడు, అంతకు ముందు ఎవరెవరి పనిని తనదని చెప్పుకున్నాడు, అన్నీ లావు అక్షరాల్లో. ఆఖరున, 'ఈ బొమ్మ వేసింది నేను' అనీ, ఆమె పేరూ.

సార్ ఆఖరి దాకా చదివి, మళ్ళీ పైకి వచ్చాడు. ఆమె ఆయన మొహం వైపు చూస్తూ కూర్చుంది. 

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సుభాషిణి అని, దగ్గరి పల్లెలో అంగన్‌వాడీ టీచరు. నెలకోసారి రిపోర్టు ప్రింటు తీసుకోవడానికి వస్తుంది. ఈశ్వరికి ఆమె తెలియదు, ఆమెకు ఈశ్వరి తెలియదు.

ప్రింటరు వేడెక్కే లోపల సార్, "రాండి టీచరమ్మా. ఇదొకసారి చూసి, ఈ పేజీ ఎవరిదో చెప్పండి" అన్నాడు. ఈశ్వరి నోరు తెరవబోతే, వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు.

సుభాషిణి నిలబడే చూసింది. పైన చూసింది, ఫోటో చూసింది, మౌసు చక్రం తిప్పి కిందికి పోయింది. మధ్యలో అక్షరాలు వేగంగా జారిపోయాయి.

"చంద్రహాస ఆర్ట్స్ వాళ్ళది కదా సార్. అంతా వాళ్ళ పేరే ఉంది." మళ్ళీ పైకి పోయి ఫోటో దగ్గర ఆగింది. "ఈయన ఫోటో పేపర్లో చూసినట్టుంది. ఏదో గొడవ పడినట్టున్నారు, అది మనకెందుకులే గానీ, వెనక ఆ పక్షి మెడ చూడండి, ఎంత బాగుందో. మా అంగన్‌వాడీ గోడకు కూడా వేయించాలని సర్పంచు అంటాండాడు. నంబరు కూడా పెట్టినారే."

ఫోను తీసి, తెల్లరంగు మీది నంబరు చూస్తూ ఎక్కించుకుంది. ప్రింటు తీసుకుని, "వస్తా సార్" అని మెట్లు దిగిపోయింది.

ఈశ్వరి లేచి నిలబడింది. 

"ఏం సార్ ఇది? ఆయమ్మ సగం కూడా చదవలే. ఆమెకు వాని నంబరు ఇచ్చి పంపిస్తారా?"

"నేనియ్యలేదు" అన్నాడు సార్.

 ఆమె కుర్చీ వెనక్కి తోసింది. కోపం సార్ మీదికే తిరిగింది.

"అంటే నేను నోరు మూసుకోవాల్నా? వాడు చేసింది తప్పు కాదా? పేరు చెరిపినోన్ని ఏమీ అనకూడదు, పూలూ చిలకలూ పెట్టుకుని నవ్వుతా కూర్చోవాల. అంతేనా సార్ మీరు చెప్పేది?"

"వాడు చేసింది తప్పే."

"మరి?"

సార్ కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"ఆ పక్షి నేను చూడలేదు మా. చూపించు."

ఈశ్వరి విసురుగా ఫోను తీసింది. ఫోటోలు ఒక్కొక్కటే జరిపింది. తెల్లరంగు కొట్టిన మూల. అదే మూల, పక్క నుంచి. అదే మూల, ఆమె వేలు పెట్టి చూపిస్తున్నది. నల్ల అక్షరాలు దగ్గరి నుంచి. నంబరు. తెల్లరంగు కింద లీలగా కనబడే 'ఓ'. పత్రిక ఫోటో, అందులో చంద్రహాస్ భుజం వెనక పక్షి మెడ, ముక్కు. మళ్ళీ మూల.

ఇంకా వెనక్కి జరిపింది. గోడ కట్టిన కొత్తలో తెల్లగా ఉన్నప్పటిది ఒకటి ఉంది. పని జరుగుతుండగా రంగు డబ్బాలది ఒకటి ఉంది. పక్షి లేదు.

సార్ తొందర పెట్టలేదు. చెయ్యి చాచి అట్లాగే ఉంచాడు.

ఆమె ఫోను సంచిలో వేసుకుని, చెప్పకుండా వెళ్ళిపోయింది.

* * *

మరుసటి పొద్దున మొదటి బస్సుకే ఆ పల్లెకు పోయింది. బడికి సెలవు. గేటు తీసే ఉంది. గోడకు ఎదురుగా, రోడ్డు అవతలి గట్టు ఎక్కి నిలబడింది. ఎండ అప్పుడప్పుడే గోడ మీద పడుతోంది.

పని అయ్యాక ఆమె ఆ గోడను అంత దూరం నుంచి చూడడం అదే మొదలు. వచ్చిన ప్రతిసారీ నేరుగా ఆ మూల దగ్గరికే పోయేది.

పక్షి తాను అనుకున్నదానికంటే పెద్దగా ఉంది. కుడి రెక్క కొంచెం లావైంది, ఇప్పుడు తెలుస్తోంది. ఫోటో తీసింది. దగ్గరికి పోయి గడ్డి తీసింది, కుందేళ్ళను తీసింది. గడ్డిపోచల మీద ఒక వరసలో, పిల్లల చెయ్యి అందేంత ఎత్తున, రంగు అరిగి నున్నగా అయి ఉంది. పక్కపక్కన పోచలన్నీ అంతే. ఆమె వంగి ఒకదాని మీద వేలు పెట్టి, వంపు వెంబడి దిద్దింది. 'ఇ' అది.

దాన్ని కూడా ఫోటో తీసింది.

మూల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఒళ్ళు మండింది. చేతిలో రంగు డబ్బా ఉండి ఉంటే అప్పుడే ఆ నల్ల అక్షరాలను పూసేసేది. బస్సు హారన్ వినబడితే గాని అక్కడి నుంచి కదల్లేదు.

సాయంత్రం గదికి వచ్చి, పాత ఫైలు తెరవలేదు. కొత్తది తెరిచింది. సార్ వేరే పిల్లలకు ఏదో చెబుతున్నాడు. ఆమె పిలవలేదు. బొమ్మ రాకపోతే ఫైలు పేరు తనే సరిచూసుకుంది. ఫోటోలు బరువుగా ఉండి పేజీ నెమ్మదిగా తెరుచుకుంటుంటే మాత్రం అడిగింది. వాటిని తేలిక చేయడం సార్ చూపించి పోయాడు. తెరిచిన ప్రతి ట్యాగూ మూసింది.

అయ్యాక, "చూడండి సార్" అంది. నిన్నటి మాటల ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

గోడ పొడవునా పక్షి నిండుగా ఉంది. కింద గడ్డి, దాని కింద అరిగిన పోచలు. అంతకు ముందు వేసిన ఆసుపత్రి వరండా, ఇంకో బడి. ఒక్కోదానికి రెండు మూడు వాక్యాలు. నేను గోడల మీద బొమ్మలు వేస్తాను అని ఒక మాట. ఫోన్ నంబరు. చంద్రహాస్ ఎక్కడా లేడు.

పేరు మాత్రం పేజీ అడుగున, కింది మూలన, చిన్న అక్షరాలతో ఉంది.

సార్ పెన్సిలు కొసతో ఆ మూలను తాకి, ఆ పెన్సిలును తెర పైదాకా జరిపి ఆపాడు.

ఈశ్వరి దాన్ని అక్కడి నుంచి తీసి పైన పెట్టింది. శీర్షిక ట్యాగులో.

ఆ సాయంత్రమే పేజీ నెట్‌లోకి ఎక్కింది. సార్ దగ్గర సుభాషిణి నంబరు తీసుకుని, మొట్టమొదట ఆమెకే పంపింది. 'నిన్న మీరు చూసిన పక్షిని వేసింది నేను' అని రాసింది.

"అయిపాయె కదా సార్" అంది సంచి సర్దుకుంటూ. ఆ మాటలో సంతోషం కంటే చేదే ఎక్కువ ఉంది. "వాడు అక్కడ, నేను ఇక్కడ."

"ఏం అయిపాయె?" అన్నాడు సార్. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. మండల విద్యాధికారికి ఫిర్యాదు, శుభ్రంగా టైపు చేసి ఉంది. సంతకం చోటు ఒక్కటే ఖాళీ. "రేపు పదింటికి ఆఫీసు దగ్గరికి రా. నేనూ వస్తా."

ఆమె కాగితం వైపు, ఆయన వైపు చూసింది. "ఎప్పుడు రాసినారు సార్ ఇది?"

"బేల్దారి అన్నాడు కదా" అన్నాడు సార్. 

* * *

విద్యాధికారి ముందు ఫైళ్ళు కట్టలుగా ఉన్నాయి. ఫిర్యాదు పైపైన చదివి పక్కన పెట్టాడు.

"మా ఫైల్లో కాంట్రాక్టరు పేరుంది. గోడ మీద ఆయన పేరే ఉందని మీరే రాసినారు. పేపర్లో ఆయన ఫోటో వచ్చింది. నువ్వు వేసినావనేదానికి ఏముందమ్మా?"

ఈశ్వరి చెవులు ఎర్రబడ్డాయి. మొదటి పేజీలోని లావు అక్షరాలన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. సార్ బెంచీ మీద కూర్చుని కిటికీ వైపు చూస్తున్నాడు.

ఆమె ఫోనులో పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది.

అధికారి ఇష్టం లేనట్టే అందుకున్నాడు. పక్షి దగ్గర ఆగాడు. కిందికి జరిపాడు. గడ్డి మీద రెండు వేళ్ళు పెట్టి పెద్దది చేశాడు. ఏదో సంతకానికి వచ్చిన గుమాస్తాను ఉండమని సైగ చేశాడు.

"ఈ గడ్డిలో ఉండేవి అక్షరాలా?"

"అవును సార్."

"అన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

ఆయన కాసేపు వెతికాడు. "బండి ర ఏదీ? కనబళ్ళే."

"పక్షి ఎడమ కాలి గోరు దగ్గర సార్. పోచ వెనక్కి తిరిగి ఉంటుంది."

అధికారి బొమ్మను జరిపి, ఎడమ కాలి దగ్గరికి పోయాడు. తల దగ్గరికి వంచాడు. ఈసారి ఫోను కింద పెట్టలేదు. ఈశ్వరి వైపు తిన్నగా చూశాడు.

"నీ పేరేమమ్మా?"

ఆమె చెప్పబోయింది. బెంచీ మీది నుంచి సార్ అన్నాడు. "పైనే ఉంది సార్. చదవండి."

అధికారి పేజీని పైకి జరిపి, గుమాస్తాకు కూడా వినబడేట్టు చదివాడు. తర్వాత ఫిర్యాదు కాగితం మళ్ళీ దగ్గరికి తీసుకుని, దాని మీద ఏదో రాసి, గుమాస్తాకు ఇచ్చాడు. "ఆ కాంట్రాక్టరును రమ్మని కబురు చెయ్. ఈయమ్మను కూడా అదే రోజుకు పిలువు. ఎదురుబదురు మాట్లాడిద్దాం."

ఇద్దరూ బయటికి వచ్చారు. వరండాలో జనం నీడ పట్టున నిలబడి ఉన్నారు.  మెట్ల దగ్గరికి వచ్చాక ఈశ్వరి ఆగింది.

"సార్, ఒక మాట చెప్తా. ఏమీ అనుకోవద్దండి. నా కోపం ఇసుమంత కూడా తగ్గలేదు."

దస్తగిరి సార్ వంగి చెప్పులు వేసుకుంటున్నాడు.

"తగ్గించుకోమని నేనెప్పుడన్నా చెప్పినానా?" అన్నాడు.